మాట వెనుక పనివాడు
ఇంగ్లీషు జాతీయాలపై, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్మృతికి అంకితంగా చేసిన ఉపన్యాస పాఠం

1852లో అచ్చయిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును తిరగేస్తుంటే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఎక్కడ ఎక్కువ శ్రమపడ్డారో తెలిసిపోతుంది. ఒక మాటకు ఒక అర్థం రాసి ముందుకు సాగిపోవడం ఆయన పద్ధతి కాదు. కన్ను, చెయ్యి వంటి చిన్న మాటల కింద కూడా అవి జనం నోట ఏయే మాటలతో జతకూడి ఏయే అర్థాలిస్తాయో చూపించారు. కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఇంగ్లీషు యువకుడికి తెలుగు పదాలకంటే తెలుగు పలుకుబడి పెద్ద పరీక్ష అయి ఉండాలి. చెవి తెలుసు, పువ్వు తెలుసు. చెవిలో పువ్వు పెట్టడమంటే మోసగించడమని ఏ వ్యాకరణం చెబుతుంది?

ఆ కష్టాన్ని తిరగేస్తే ఈనాటి తెలుగు విద్యార్థి కష్టం. 'కిక్' తెలుసు, 'బకెట్' తెలుసు. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడమని ఊహించే దారి మాత్రం లేదు. అందుకే బ్యాంకు పరీక్షలకూ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకూ చదివే పిల్లల చేతుల్లో ఇంగ్లీషు జాతీయాల పట్టికలు కనిపిస్తాయి. ఎడమ పక్క జాతీయం, కుడి పక్క అర్థం. రాత్రికి రాత్రి వంద బట్టీ పట్టడం, పరీక్ష గడిచాక తొంభై మరిచిపోవడం.

ఆ పట్టికలో మూడు సంగతులు ఉండవు. ఆ మాట ఏ పనివాళ్ళ నోట నలిగింది, అచ్చులో ఎప్పటినుంచి కనిపిస్తోంది, ఇవాళ దాన్ని ఎవరి ముందు అనవచ్చు. ఈ మూడూ తెలిసినవాడికి అర్థం దానంతటదే గుర్తుంటుంది. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఇదే. ఇంగ్లీషు జాతీయాలను పట్టికల్లోంచి బయటికి తీసి, అవి పుట్టిన ఓడల మీదికీ, పొలాలకూ, గుళ్ళకూ, ఆటస్థలాలకూ తీసుకెళ్ళి చూపించాలి.

ముందుగా ఓడల సంగతి. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ నిజాంపట్నం తీరానికీ, అక్కణ్ణుంచి మచిలీపట్నానికీ వచ్చింది. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఆ ఏడాదే మొదలైంది. తెలుగు తీరంలో ఇంగ్లీషు కాలూనడం ఓడవాళ్ళతోనే జరిగిందన్నమాట. ఆ ఓడవాళ్ళ మాటలు ఇవాళ హైదరాబాదు, విశాఖపట్నం ఆఫీసుల్లో సముద్రం ముఖం చూడనివాళ్ళ ఈమెయిళ్ళలో తిరుగుతున్నాయి.

'బై అండ్ లార్జ్' అనే మాట తీసుకోండి. 'మొత్తం మీద', 'చాలావరకు' అని అర్థం. అందులో 'బై' ఏమిటో, 'లార్జ్' ఏమిటో అడిగితే నిత్యం వాడేవాళ్ళు కూడా తడుముకుంటారు. తెరచాప ఓడ ఎదురుగాలికి వీలైనంత దగ్గరగా ముక్కు పెట్టి సాగడాన్ని నావికులు 'బై ద విండ్' అనేవారు. గాలి వెనకనుంచో, వెనక పక్కనుంచో వీస్తూ ఓడను నెడుతుంటే అది 'లార్జ్'. ఎదురుగాలిలోనూ వాలుగాలిలోనూ చెప్పినట్టు వినే ఓడే మంచి ఓడ. శామ్యూల్ స్టర్మీ నావికుల కోసం రాసిన 1669 నాటి పుస్తకంలోనే ఈ రెండు మాటలూ జంటగా కనిపిస్తాయి. ఏ గాలిలోనైనా అనే ఆ అర్థం ఒడ్డెక్కాక 'మొత్తం మీద' అయింది.

'టేకెన్ అబ్యాక్' ఇంకా అందమైనది. ఓడ సాగుతుండగా గాలి ఒక్కసారి దిశ మార్చి తెరచాపలను ముందువైపు నుంచి కొడితే, చాపలు వెనక్కి వంగి కొయ్యకు అతుక్కుపోతాయి. అంతవరకు దూసుకుపోతున్న ఓడ ఉన్నచోట ఆగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా జరుగుతుంది. మనిషి ఊహించని మాట విని నోట మాట రాక నిలబడిపోవడానికి ఇంతకంటే సరిపోయే బొమ్మ దొరకదు. పట్టికలో దీని ఎదురుగా 'ఆశ్చర్యపోవు' అని ఉంటుంది. ఆశ్చర్యం సంతోషంతోనూ కలగవచ్చు. టేకెన్ అబ్యాక్‌లో ఉన్నది ఎదురుదెబ్బ. తెలుగులో 'ఖంగుతిన్నాడు', 'అవాక్కయ్యాడు' అన్నవే దానికి దగ్గర.

'త్రీ షీట్స్ ఇన్ ద విండ్' అంటే తప్పతాగి తూలడం. షీట్ అనగానే గుడ్డ అనుకుని, మూడు తెరచాపలు గాలిలో ఎగురుతున్నట్టు ఊహించుకుంటారు. ఓడ భాషలో షీట్ అంటే తెరచాప కింది మూలను లాగి బిగించే తాడు. ఒక తాడు వదులైతే చాప టపటపలాడుతుంది. మూడు తాళ్ళూ వదులైతే ఓడ అటూ ఇటూ ఊగుతుంది తప్ప ముందుకు సాగదు. 1821లో లండన్ జీవితం గురించి వెలువడిన ఒక పుస్తకంలో ఈ పలుకుబడి ఉంది. ఇక 'బిటర్ ఎండ్'లో చేదు తర్వాత వచ్చి చేరింది. లంగరు మోకును చుట్టే బలమైన దిమ్మలను 'బిట్స్' అనేవారు. ఆ దిమ్మల దగ్గర, ఓడ లోపల ఉండే మోకు కొసే బిటర్ ఎండ్. కెప్టెన్ జాన్ స్మిత్ 1627లో రాసిన ఓడ పరిభాష పుస్తకంలో ఈ 'బిటర్' ప్రస్తావన ఉంది. మోకు అక్కడిదాకా జారిపోయిందంటే ఇక వదలడానికి తాడు లేదు. చివరికంటా పోరాడడం అనే అర్థం అక్కణ్ణుంచే వచ్చిందంటారు.

తెలుగు పలుకుబడిలోనూ నీళ్ళున్నాయి. వాటి స్వభావం వేరు. పుట్టి మునిగింది, గట్టెక్కాడు, ఒడ్డున పడ్డాడు, రేవు దాటాడు, ఏరు దాటి తెప్ప తగలేశాడు. ఇవన్నీ నది దాటే మనిషి మాటలు. గోదావరి, కృష్ణ, పెన్న దాటడమే ఇక్కడి బతుకులో పెద్ద గండం. అవతలి ఒడ్డు కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది, చేరడమే ప్రశ్న. ఇంగ్లీషు ఓడవాడికి ఒడ్డు నెలల తరబడి కనిపించదు. అతని దృష్టంతా గాలి మీద, తాడు మీద. రెండు జాతుల భయాలు రెండు రకాల మాటలయ్యాయి.

ఆ 1611లోనే లండన్‌లో ఇంకొకటి జరిగింది. మొదటి జేమ్స్ రాజు ఆదేశంతో చేసిన బైబిల్ ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు వారం వారం చర్చిలో విన్న ఆ పుస్తకం నుంచి ఎన్ని మాటలు వీధిలోకి వచ్చాయో లెక్క తీయడం కష్టం. 'రైటింగ్ ఆన్ ద వాల్' అంటే రాబోయే కీడుకు కళ్ళెదుటి సూచన. దానియేలు గ్రంథంలో బెల్షస్సరు రాజు యెరూషలేము ఆలయం నుంచి తెచ్చిన పాత్రల్లో మద్యం పోసుకుని విందు చేసుకుంటుంటే, ఒక చెయ్యి ప్రత్యక్షమై గోడ మీద రాస్తుంది. ఆ రాత్రే రాజు హతమవుతాడు. 'ఫీట్ ఆఫ్ క్లే' కూడా ఆ గ్రంథంలోదే. నెబుకద్నెజరు కలలో కనిపించిన విగ్రహానికి తల బంగారం, రొమ్ము వెండి, పాదాల్లో మాత్రం ఇనుముతో మట్టి కలిసింది. గొప్పవాడనుకున్న మనిషిలో బయటపడే బలహీనతకు అదే పేరైంది. తెలుగులో త్రిశంకు స్వర్గం, భగీరథ ప్రయత్నం, సుగ్రీవాజ్ఞ, శల్య సారథ్యం ఎలా వచ్చాయో ఇవీ అలాగే వచ్చాయి. కథ తెలిసినవాడికి ఒక్క మాట చాలు. తెలియనివాడికి ఒక పేజీ వివరణ కావాలి.

'స్కేప్‌గోట్' దగ్గర కాసేపు ఆగాలి. ఈ మాటను 1530లో విలియం టిండేల్ సృష్టించాడు. బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెచ్చే పనిలో ఉండి, మతద్రోహ నేరం మీద 1536లో ప్రాణాలు కోల్పోయిన మనిషి ఆయన. లేవీయకాండంలో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలను తెస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద చేతులుంచి జనుల పాపాలన్నీ దానిపై మోపి, ప్రాణాలతోనే అడవిలోకి తోలేస్తారు. స్కేప్‌గోట్ ఆ రెండో మేక. తెలుగు పత్రికలు దీన్ని 'బలిపశువు' చేశాయి. వాడుకలో అది స్థిరపడింది, తీసేయాల్సిన పనీ లేదు. కాని తేడా తెలిసి ఉండడం మంచిది. బలిపశువు చచ్చిపోతుంది. స్కేప్‌గోట్ బతికే ఉంటుంది, ఊరందరి తప్పునూ మోస్తూ ఊరి బయట తిరుగుతుంది. పెద్దల తప్పుకు చిన్న ఉద్యోగిని సస్పెండ్ చేసినప్పుడు ఆ మనిషి స్థితి రెండో మేకది.

షేక్‌స్పియర్ ఇచ్చిన 'పౌండ్ ఆఫ్ ఫ్లెష్', 'గ్రీన్ ఐడ్ మాన్‌స్టర్' వంటివి అందరికీ తెలిసినవే, పాఠ్యపుస్తకాలు బాగానే చెబుతున్నాయి. గ్రీకు నుంచి వచ్చిన 'పండోరాస్ బాక్స్'లో మాత్రం ఒక విశేషం ఉంది. గ్రీకు కవి హెసియోడ్ కథలో పండోరా తెరిచింది పెట్టె కాదు, ధాన్యమో నూనో నిల్వచేసే పెద్ద జాడీ. పదహారో శతాబ్దం తొలినాళ్ళలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లో ఆ కథ చెబుతూ 'పిథోస్' అనే జాడీని 'పిక్సిస్' అనే చిన్న డబ్బాగా మార్చాడు. ఐదు వందల ఏళ్ళుగా ప్రపంచమంతా ఆ డబ్బానే తెరుస్తోంది.

ఇక అసలు చిక్కు. జాతీయాల చుట్టూ కథలు తీయగా అల్లుకుంటాయి. తీపి ఎక్కువైన చోట అనుమానం అవసరం. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గురించి ఒక కథ ఉంది. పూర్వం ఇంగ్లండులో గడ్డి కప్పుల ఇళ్ళుండేవట. చలికి కుక్కలూ పిల్లులూ ఆ గడ్డిలో దూరి పడుకునేవట. పెద్ద వాన కురిస్తే కప్పు జారుడై అవి కింద పడేవట. 1500ల నాటి జీవితం పేరుతో 1999లో ఈమెయిళ్ళలో లోకమంతా తిరిగిన ఒక వ్యాసం ఈ కథకు రెక్కలు తొడిగింది. తాటాకు ఇల్లో పూరిల్లో చూసిన తెలుగువాడు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. వానొస్తే కుక్క చూరు కిందకు చేరుతుంది కాని కప్పు మీదికి ఎక్కుతుందా? అచ్చులో దొరికే ఆధారం పదిహేడో శతాబ్దం నడుమ నుంచి మొదలవుతుంది. 1651 నాటి హెన్రీ వాన్ కవితలో కుక్కలూ పిల్లులూ వానగా కురవడం ఉంది. ఇప్పటి రూపం జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చువేసిన సంభాషణల పుస్తకంలో కనిపిస్తుంది. గడ్డి కప్పు వాటిలో ఎక్కడా లేదు.

'రెడ్ హెరింగ్' కథ దీనికంటే లోతైనది. అసలు విషయం నుంచి దృష్టి మళ్ళించే దొంగ ఆనవాలుకు ఆ పేరు. హెరింగ్ ఒక చేప. బాగా ఉప్పు పట్టించి, పొగ వేసి ఎండబెడితే ఎర్రబారి ఘాటైన వాసన వేస్తుంది. వేటకుక్కలను దారి మళ్ళించడానికి ఆ చేపను నేల మీద ఈడ్చేవారని పుస్తకాలు రాస్తూ వచ్చాయి. ఇటీవలి పరిశోధకులు పాత వేట గ్రంథాలు గాలిస్తే అటువంటి ఆచారానికి ఆధారం దొరకలేదు. దొరికింది ఒక పత్రికా రచయిత. 1807లో విలియం కాబెట్ తన 'పొలిటికల్ రిజిస్టర్'లో, చిన్నప్పుడు తాను కుందేలు వెంటపడిన కుక్కలను ఎర్ర హెరింగ్‌తో పక్కదారి పట్టించానని ఒక కథ చెప్పాడు. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త పట్టుకుని, దేశంలోని అసలు సమస్యలు వదిలేసిన పత్రికలను దెప్పిపొడవడానికి చెప్పిన కథ అది. ఆ పత్రికకు పాఠకులు ఎక్కువ. కథ నిలిచింది, మాట నిలిచింది, వేటగాళ్ళ ఆచారం పేరుతో ఒక చరిత్ర కూడా పుట్టుకొచ్చింది. తప్పుడు వార్తల వెంట పరుగెత్తడం గురించి పత్రికలో పుట్టిన మాట ఇది. తెలుగు జర్నలిజం విద్యార్థులకు దీన్ని ఈ చరిత్రతో సహా నేర్పాలి.

'రూల్ ఆఫ్ థంబ్' అంటే అనుభవం మీద వేసే ఉజ్జాయింపు. బొటనవేలి మందం మించని కర్రతో భార్యను కొట్టవచ్చని ఇంగ్లీషు చట్టం చెప్పిందని, ఈ మాట అక్కడిదని 1970ల నుంచి విస్తారంగా ప్రచారమైంది. అటువంటి మాట అన్నాడని ఫ్రాన్సిస్ బుల్లర్ అనే న్యాయమూర్తి మీద 1782లో జేమ్స్ గిల్‌రే వ్యంగ్యచిత్రం గీసిన మాట నిజం. కాని ఆ న్యాయమూర్తి అటువంటి తీర్పు ఇచ్చినట్టు దాఖలా లేదు. 'రూల్ ఆఫ్ థంబ్' అంతకు వందేళ్ళ ముందే, కొలబద్ద లేకుండా చేతి అంచనాతో పనిచేసే పద్ధతి అనే అర్థంలో అచ్చయి ఉంది. భార్యలను కొట్టడం నిజం, దాన్ని చట్టం చూసీచూడనట్టు వదిలేయడం నిజం. ఆ నిజానికి ఈ మాటను సాక్షిగా పిలవనక్కర్లేదు. అబద్ధపు సాక్షి వల్ల నిజమైన కేసు బలహీనపడుతుంది.

'ద హోల్ నైన్ యార్డ్స్' అంటే ఉన్నదంతా, పూర్తిగా. ఆ తొమ్మిది గజాలేమిటో తేల్చడానికి అమెరికాలో ఎందరో తలలు బద్దలుకొట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మెషిన్ గన్ తూటాల పట్టీ పొడవు అన్నారు. సిమెంటు లారీ పట్టే కాంక్రీటు అన్నారు. భారతదేశపు చీర అన్నవాళ్ళూ ఉన్నారు. తొమ్మిది గజాల మడిచీర కట్టిన అవ్వలను ఎరిగిన తెలుగువాళ్ళకు ఆ చివరి మాట ముచ్చటగొలుపుతుంది. పాత పత్రికలు కంప్యూటర్లలోకి ఎక్కాక సంగతి తేలింది. 1907, 1908 నాటి ఇండియానా రాష్ట్రపు ఒక చిన్న పత్రికలో తొమ్మిది గజాలున్నాయి. 1912లో కెంటకీ పత్రికలో అదే అర్థంతో 'సిక్స్ యార్డ్స్' ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అప్పటికి ఇంకా రాలేదు. పైగా సంఖ్యే మారుతోందంటే దాని వెనక ఒక నిర్ణీత వస్తువు ఉండే అవకాశం తక్కువ. తొమ్మిది గజాలు, ఆరు గజాలు రెండూ చీర కొలతలే కావడం కేవలం కాకతాళీయం.

మన గర్వం దగ్గరా ఈ తేదీల పరీక్ష సడలకూడదు. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాటలను హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కలిసి 'హాబ్సన్–జాబ్సన్' అనే నిఘంటువులో కూర్చారు. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన సివిల్ ఉద్యోగి. 1886లో పుస్తకం వెలువడేనాటికి ఆయన లేడు. మొహర్రం ఊరేగింపులో వినిపించే 'యా హసన్, యా హుసేన్' అన్న ఆక్రోశం తెల్ల సిపాయిల చెవుల్లో పడి వంకర తిరిగిన రూపమే ఆ పేరు. పందికొక్కు 'బ్యాండికూట్' అయిందని ఆ పుస్తకంలో ఉంది, అది నిజం. తర్వాత ఆ తెలుగు పేరు ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకు కూడా అంటుకుంది. మతి చలించినవాడిని ఇంగ్లండులో 'డూలాలీ' అంటారు. నాసిక్ దగ్గరి దేవలాలీ సైనిక శిబిరంలో స్వదేశపు ఓడ కోసం పడిగాపులు పడి సిపాయిలకు పిచ్చెత్తేదన్న అనుభవం దాని వెనక ఉంది. అదీ నిజమే. కాని 'నాట్ గివ్ ఎ డామ్' అనే మాటలో ఉన్నది మన రాగి నాణెం 'దామ్' అని ఆ పుస్తకం చేసిన సూచనను ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులు ఒప్పుకోలేదు. శాపనార్థానికి ఇంగ్లీషులోనే ఉన్న మాట అది. మనకు ఇష్టమైన కథ అయినంత మాత్రాన దాన్ని పిల్లలకు చెప్పకూడదు.

ఇప్పుడు ఎదురు దిశ. ఇంగ్లీషు జాతీయాలు తెలుగులోకి వచ్చి మన మాటలే అన్నంతగా కలిసిపోయాయి. మొసలి కన్నీరు, సింహభాగం, తెల్ల ఏనుగు, ఎర్రతివాచీ పరచడం. ఇవి పత్రికల డెస్కుల దగ్గర, అనువాదకుల చేతుల్లో తెలుగైన మాటలు. 'మైలురాయి'లో సగం మాట ఇంకా ఇంగ్లీషే. రైలు గార్డు చేతిలోని పచ్చజెండా ప్రాజెక్టులకు అనుమతిగా మారింది. 1858లో షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్సన్ వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, చందాలు పోగుచేసి ఆయనకు టోపీ బహూకరించారు. ఆ 'హ్యాట్రిక్' ఇవాళ తెలుగులో సినిమా హీరోకూ, మూడుసార్లు గెలిచిన ఎమ్మెల్యేకూ చెందుతోంది.

సింహభాగం అంటే పెద్ద వాటా అని వాడుతున్నాం. ఈసపు కథలో సింహం తోటి జంతువులతో కలిసి వేటాడి, వాటాలు వేసే పేరుతో ఒక్కో వాటాకు ఒక్కో కారణం చెప్పి మొత్తం తానే తీసుకుంటుంది. ఇంగ్లీషులోనే ఆ మొత్తం కాస్తా 'అధిక భాగం'గా తగ్గింది. మొసలి కన్నీరు ఇంకా చిత్రమైనది. మొసళ్ళు మనుషుల్ని తింటూ ఏడుస్తాయని యూరప్‌లో ప్రచారం చేసిన పుస్తకాల్లో పద్నాలుగో శతాబ్దపు మాండవిల్ యాత్రాగ్రంథం ముఖ్యమైనది. ఆ మొసళ్ళు ఉండేది ఇండియా దేశాల్లో అని అందులో ఉంది. మన నదుల మొసలి పేరున అక్కడ ప్రచారమైన కథ, జాతీయమై, ఇంగ్లీషు మీదుగా మళ్ళీ మన పత్రికల్లోకి వచ్చింది. మొసలి జాతి జంతువులు తినేటప్పుడు కళ్ళు చెమర్చడం మాత్రం నిజమేనని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రకటించారు. దుఃఖంతో మాత్రం సంబంధం లేదు.

అన్ని అనువాదాలూ ఇలా అతకవు. టీవీ చర్చల్లో 'రోజు చివరికి చూస్తే' అని వినిపిస్తోంది. ఇంగ్లీషులో 'ఎట్ ద ఎండ్ ఆఫ్ ద డే' అంటే 'ఎంత చెప్పినా', 'చివరికి తేలేదేమంటే' అని. తెలుగులో రోజు చివరికి అంటే సాయంత్రం. బొమ్మ తెలుగు కంటికి కనిపిస్తే జాతీయం బతుకుతుంది. మొసలిని చూశాం కనుక మొసలి కన్నీరు నిలిచింది. రోజు చివరికి ఏ బొమ్మా లేదు.

అమెరికా కంపెనీలతో పనిచేసే మాదాపూర్, గచ్చిబౌలి ఇంజనీర్లకు ఇంకో రకం కష్టం. అటువైపు మేనేజరు ఫోన్‌లో 'బాల్‌పార్క్ ఫిగర్' అడుగుతాడు, 'టచ్ బేస్' చేద్దామంటాడు, ఒక ప్రశ్న 'లెఫ్ట్ ఫీల్డ్' నుంచి వచ్చిందంటాడు. మొదటిది సుమారు అంచనా, రెండోది ఒకసారి పలకరించుకోవడం, మూడోది ఊహించనిది. మూడూ బేస్‌బాల్ మైదానం మాటలు. క్రికెట్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ మైదానం బొమ్మ ఒక్కసారి గీసి చూపిస్తే చాలు, మూడు మాటలూ ఒక్క పూటలో వచ్చేస్తాయి.

ఒకే మాట అట్లాంటిక్‌కు అటూ ఇటూ తిరగబడడమూ ఉంది. బ్రిటన్‌లో ఒక విషయాన్ని 'టేబుల్' చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక ముఖ్యమైన అంశం మీద ఇరుదేశాల అధికారులు ఈ మాట కారణంగానే గట్టిగా వాదించుకున్నారని, నిజానికి ఇద్దరూ కోరింది ఒక్కటేనని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. మన పార్లమెంటూ శాసనసభలూ బ్రిటిష్ అర్థాన్నే పాటిస్తాయి. నివేదికను టేబుల్ చేశారంటే సభ ముందుంచారని. డల్లాస్‌లో ఉద్యోగం చేసే తెలుగువాడు మీటింగులో ఈ మాట అనేముందు తన ఎదుటివాళ్ళెవరో చూసుకోవాలి.

చివరిగా మాటకున్న బరువు సంగతి, అంటే దాన్ని ఎవరి ముందు అనవచ్చో. 'కిక్ ద బకెట్' 1785 నాటి ఫ్రాన్సిస్ గ్రోస్ నిఘంటువులో ఉంది. ఆ నిఘంటువు పేరులోనే అది మోటుమాటల పుస్తకమని ఉంది. అందులోని బకెట్ నీళ్ళ బకెట్ కాకపోవచ్చునని, కోసిన పందిని కాళ్ళకు కట్టి వేలాడదీసే దూలానికి కొన్ని ఇంగ్లీషు మాండలికాల్లో ఉన్న పేరని నిఘంటుకారులు చెబుతున్నారు. ఆ పంది చివరిసారి తన్నుకునేది ఆ దూలాన్నే. కబేళా నుంచి వచ్చిన మాట మనిషి చావుకు వాడితే గౌరవం ఎక్కడుంటుంది? పట్టికలో మాత్రం 'కిక్ ద బకెట్' ఎదురుగా 'మరణించు' అని ఉంటుంది. దాన్ని నమ్మి ఒక కుర్రాడు తన అధికారి తండ్రి పోయినప్పుడు సంతాప లేఖలో ఆ మాట రాస్తే జరిగే గాయానికి బాధ్యత పట్టికదే.

తెలుగువాళ్ళకు ఈ తేడా చెప్పడం నిజానికి చాలా తేలిక. మన దగ్గర 'బాల్చీ తన్నేశాడు' ఉంది. ఇంగ్లీషు మాటను అచ్చంగా దించుకున్న పలుకుబడి. 'టపా కట్టేశాడు', 'గుటుక్కుమన్నాడు' దాని పక్కనే కూర్చుంటాయి. 'కన్నుమూశారు', 'కాలం చేశారు', 'పరమపదించారు' వేరే వరసలో ఉంటాయి. ఏ ఇంటి ముందు ఏది అనాలో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. 'పాస్ అవే' కాలం చేయడం పక్కన, 'కిక్ ద బకెట్' బాల్చీ తన్నేయడం పక్కన పెట్టి చూపిస్తే పాఠం పూర్తయింది. ఇంగ్లీషు జాతీయాలకు తెలుగు అర్థం కాదు, తెలుగు జాతీయం ఇవ్వాలి. దొరకనప్పుడే వివరణ రాయాలి.

బ్రౌన్ 1884 డిసెంబరులో లండన్‌లో కన్నుమూశారు. మాటలకు తేదీలు వేసి చరిత్ర చెప్పే, తర్వాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా పేరుపడ్డ మహానిఘంటువు మొదటి భాగం ఆ ఏడాది ఫిబ్రవరిలో వెలువడింది. పూర్తవడానికి 1928 దాకా పట్టింది. ఊరూరా చదువరులు పుస్తకాల్లోంచి వాక్యాలు ఎత్తి చీటీల మీద రాసి పంపితే తయారైన పని అది. పైన చెప్పిన 1651, 1738 వంటి తేదీలు దొరకడం ఆ బాటలో నడిచినవాళ్ళ పుణ్యమే.

తెలుగులో అటువంటి పనికి పునాదులు లేకపోలేదు. కెప్టెన్ కార్ 1868లోనే తెలుగు సామెతల సంపుటం వేశాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వచ్చింది. రైతు నోట, నేతగాడి నోట ఉన్న మాటలను పనిముట్టుతో సహా నమోదు చేసిన ఆ సంపుటాలు, జాతీయాల పుట్టుక వెతికేవాడు మొదట తెరవాల్సిన పుస్తకాలు. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణా పత్రిక, 1908లో మొదలైన ఆంధ్రపత్రిక పాత సంచికలూ ఉన్నాయి.

మొదలుపెట్టడానికి ఆరు మాటలు చాలు. మొసలి కన్నీరు, సింహభాగం, తెల్ల ఏనుగు, ఎర్రతివాచీ, పచ్చజెండా, బాల్చీ తన్నేయడం. ఒక తెలుగు శాఖలో నలుగురు విద్యార్థులు బ్రౌన్ నిఘంటువులో వీటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో ముందు చూడాలి. లేనివాటి కోసం కార్ సంపుటం, ఆ తర్వాత పాత పత్రికల సంచికలు ఏడాది వారీగా తిరగేయాలి. మాట కనిపించిన మొదటి వాక్యాన్ని, తేదీనీ, పేజీ సంఖ్యనూ, దాన్ని రాసింది విలేకరో, కథకుడో, నాటకకర్తో ఒక్కో చీటీ మీద ఎక్కించి, ఆ చీటీలను అందరూ చూడగలిగే చోట పెట్టాలి.